'ఇంజన్ పట్టేసింది' అనే ముందు

పదేళ్ళో పదిహేనేళ్ళో సాలలో ఒగ్గేసిన అంబాసిడర్‌ని బయటికి లాగిన రోజున జరిగేది శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా దాదాపు ఒకటే. కొత్త బ్యాటరీ తెచ్చి తగిలిస్తారు. తాళం తిప్పుతారు. సెల్ఫ్ ఒకసారి 'టక్' మని ఊరుకుంటుంది. నలుగురు చేరి తోస్తారు. అదీ కాకపోతే ట్రాక్టరుకు తాడు కట్టి, సెకండ్ గేరులో పెట్టి లాగిస్తారు. వెనక చక్రాలు తిరక్కుండా మట్టిలో గీతలు పడతాయి. "ఇంజన్ పట్టేసింది, బోరింగు చేయించాల్సిందే" అని తీర్పు అయిపోతుంది.

బోరింగు అంటే ఇంజనంతా విప్పి సిలిండర్ల లోపలి గోడల్ని మళ్ళీ కోయించడం. ఆ తీర్పుకి తొందరెక్కువ. 'పట్టేసింది' అన్న ఒక్క మాట కింద ఆరు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి. ఇంజన్ విప్పేదాకా వెళ్ళేది వాటిలో ఒక్కటే, అదీ అన్నిసార్లూ కాదు. పైగా ఆ తోపుడూ లాగుడూ ఉన్నాయే, అప్పటిదాకా బాగానే ఉన్న పిస్టన్ రింగుల్ని విరగ్గొట్టేవీ, వాల్వుల్ని నెట్టే పుష్ రాడ్లని వంచేవీ అవే. నిలబడిన పదేళ్ళలో కాని నష్టం లాగించిన పది సెకన్లలో అవుతుంది.

ఇక్కడ చెప్పే కొలతలు పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోలు ఇంజనువి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా 1950ల చివర్లో మొదలై, 2014లో బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారం ఆగేదాకా తయారైన బండి అది. పోత ఇనుప దిమ్మ, పైన వాల్వులు, పక్కన పుష్ రాడ్లు: మొండి ఇంజను, ఓపిక పడితే లేస్తుంది. ప్రీమియర్ పద్మినికి పని వరస ఇదే కానీ కొలతలు వేరు. అంబాసిడర్‌లోనే తర్వాత వచ్చిన ఇసుజు ఇంజనుకి ఈ అంకెలు వాడకూడదు.

ఆరు జబ్బులూ ఒకే పేరూ

బండి కదలకపోతే ముందు అనుమానించాల్సింది ఇంజన్ని కాదు, బ్రేకుల్ని. హ్యాండ్ బ్రేకు వేసి వదిలేసిన బండిలో లైనింగులు డ్రమ్ముకి తుప్పుతో అతుక్కుపోతాయి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, వెనక ఒక్కో చక్రాన్నీ జాకీతో లేపి చేత్తో తిప్పితే తేలిపోతుంది. డ్రమ్ము అంచు చుట్టూ చెక్క సుత్తితో కొడితే చాలావరకు వదులుతుంది.

రెండోది క్లచ్ ప్లేటు. ఫ్లైవీలుకి అది అతుక్కుంటే పెడల్ తొక్కినా గేరు విడదు. ఇంజన్ మాత్రం న్యూట్రల్‌లో హాయిగా తిరుగుతుంది. పెడల్‌ని పూర్తిగా తొక్కి, సీటుకీ పెడల్‌కీ మధ్య కర్ర ఆన్చి మూడు నాలుగు రోజులు ఉంచితే తరచూ దానంతటదే ఊడుతుంది. లేకపోతే ఇంజన్ స్టార్టయి బాగా వేడెక్కాక చూసుకోవచ్చు. దీనికోసం ఇంజన్ దించడానికి తొందరపడనక్కర్లేదు.

మూడోది సెల్ఫ్. దాని పినియన్ ఫ్లైవీలు పళ్ళలో ఇరుక్కుంటే వచ్చేదే ఆ 'టక్' శబ్దం. లూకాస్ రకం సెల్ఫ్ మోటారు వెనక చిన్న మూత ఉంటుంది. అది తీస్తే షాఫ్టు కొస నలుపలకలుగా కనిపిస్తుంది. పానాతో అటూ ఇటూ తిప్పితే పినియన్ వెనక్కి వస్తుంది. పది నిమిషాల పని, దీనికే 'సీజ్' అన్న పేరు పడిన బళ్ళు లేకపోలేదు. నాలుగోది ఫ్యాను బెల్టు మీద తిరిగేవి: డైనమో లేదా వాటర్ పంపు బేరింగు తుప్పు పట్టి బిగుసుకోవడం. బెల్టు వదులు చేసి, రెంటినీ విడివిడిగా చేత్తో తిప్పి చూడాలి.

అయిదోది ప్రమాదకరమైనది. ఏదో ఒక సిలిండర్లో నీళ్ళు గాని పెట్రోలు గాని నిండి ఉండటం. ద్రవం నలగదు కాబట్టి పిస్టన్ పైకొచ్చి దానికి గుద్దుకుని ఆగుతుంది. అప్పుడు బలవంతంగా లాగిస్తే వంగేది కనెక్టింగ్ రాడ్డు. ప్లగ్గులు తీయకుండా ఇంజన్ని కదిలించకూడదన్న నియమానికి మొదటి కారణం ఇదే.

ఇవన్నీ కావని తేలాక మిగిలేది ఆరోది, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు బోరుకి, అంటే సిలిండర్ లోపలి గోడకి, అతుక్కోవడం.

లోపల ఏం జరుగుతుంది

నాలుగు సిలిండర్ల ఇంజన్ ఎప్పుడు ఆగినా ఒక సిలిండర్ పీల్చే దశలో, ఒకటి నొక్కే దశలో, ఒకటి పేలే దశలో, ఒకటి పొగ వదిలే దశలో ఉంటుంది. అంటే దాదాపు ఎప్పుడూ రెండు సిలిండర్ల తలుపులు, అంటే వాల్వులు, తీసే ఉంటాయి. ఒకదానికి కార్బురేటర్ వైపు నుంచి గాలి తగులుతుంది, ఇంకోదానికి సైలెన్సర్ వైపు నుంచి. మిగతా రెండూ మూసి ఉంటాయి. నిలబడ్డ ఇంజన్లో తుప్పు సాధారణంగా ఆ తెరిచిన రెండింటిలోనే, రింగుకి పైన సన్నటి పట్టీలా పడుతుంది. ప్లగ్గు కన్నంలోంచి ఫోనుకు తగిలించే చిన్న ఎండోస్కోప్ కెమెరా దించితే ఆ పట్టీ నారింజరంగులో కనిపిస్తుంది. రెండు సిలిండర్లు అద్దంలా ఉండి రెండు మాత్రం తుప్పు పట్టి ఉంటే కంగారు పడొద్దు, అది మామూలే.

మన తీరంలో దీనికి ఉప్పుగాలి తోడవుతుంది. కళింగపట్నం, బారువ లాంటి చోట్ల నిలబడ్డ బండికీ, బొబ్బిలి, రాజాం వైపు లోతట్టున పొడి షెడ్డులో నిలబడ్డ బండికీ లోపల చాలా తేడా ఉంటుంది. తెల్లవారుజామున చల్లబడ్డ ఇనుము మీద చెమ్మ చేరుతుంది, మధ్యాహ్నానికి ఆరుతుంది, మర్నాడు మళ్ళీ చేరుతుంది. పిస్టన్ అల్యూమినియం, బోరు పోత ఇనుము. ఉప్పు తేమ మధ్యలోకి వస్తే రెండు లోహాల మధ్యా తుప్పు ఇంకా జోరందుకుంటుంది.

బండి వరద నీళ్ళలో మునిగి ఉంటే లెక్క పూర్తిగా మారుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటిన తర్వాత అలాగే ఉండిపోయిన బండైతే, ముందు ఆ రోజుల్లో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో ఇంటివాళ్ళని అడగండి. బంపరు దాటి వచ్చాయంటే చాంబర్ (ఇంజన్ కింద ఉండే నూనె తొట్టి) దించకుండా ఇంజన్ని ఒక్క అంగుళం కూడా తిప్పొద్దు. వరద నీటితో వచ్చిన ఒండ్రు బేరింగుల్లో గరుకు కాగితంలా పనిచేస్తుంది. గేరుబాక్సు, వెనక యాక్సిల్ నూనెలు కూడా పారబోయాల్సిందే.

ముట్టుకునే ముందు

మాస్కూ చేతి తొడుగులూ వేసుకోవాలి. ఇది మర్యాదకి చెప్పే మాట కాదు. జీడిపిక్కల గోదాం, ధాన్యం మిల్లు, గడ్డి సాల, వీటిలో ఎక్కడ నిలబెట్టినా ఎయిర్ క్లీనర్‌లోనూ గేరుబాక్సు మీదా ఎలకలు గూడు పెట్టకుండా ఉండవు. ఎలక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. గూడు పొడిగా ఉండగా చీపురుతో ఊడ్చకుండా, బ్లీచింగ్ నీళ్ళతో తడిపి తీయాలి. సైలెన్సర్ గొట్టంలో కూడా తీగ పెట్టి చూడండి, లోపల వడ్ల పొట్టు నిండి ఉండొచ్చు. అలా మూసుకుపోయిన గొట్టంతో ఇంజన్ స్టార్ట్ కాదు, అయినా ఆగిపోతుంది. ఆ తప్పు వెతకడానికి కార్బురేటర్ పది సార్లు విప్పుతారు.

ఎలక కొరికిన వైర్ల సంగతికి ఒక పాత ఉపాయం ఉంది. బ్యాటరీని నేరుగా కలపకుండా, మధ్యలో 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి సిరీస్‌లో పెట్టండి. తాళం ఆపి ఉండగా బల్బు నిండుగా వెలిగితే ఎక్కడో వైరు బాడీకి తగులుతోందని అర్థం. అసలు బల్బు లేకుండా కలిపి ఉంటే పొగ వచ్చేది అక్కడే. ఇంకో మాట, డైనమో ఉన్న బాగా పాత బళ్ళలో బ్యాటరీ పాజిటివ్ తీగ బాడీకి కలిపి ఉండొచ్చు. పాత తీగలు ఏ వైపు ఏది ఉందో చూసుకోకుండా అలవాటుగా నెగటివ్‌ని బాడీకి కలపొద్దు.

ప్లగ్గులు, నూనె, ఓపిక

ప్లగ్గులు తీసే ముందు వాటి చుట్టూ ఉన్న గుంటల్లో మట్టిని గాలితో ఊదేయాలి. లేకపోతే ఆ ఇసుక నేరుగా బోరులో పడుతుంది. తీసిన ప్లగ్గుల్ని సిలిండర్ల వరసలో పెట్టండి, రేడియేటర్ వైపుది 1. వాటిలో ఒకటి తుప్పు పట్టి ఉంటే ఆ సిలిండర్ కథ ముందే చెప్పినట్టు.

ఇప్పుడు ఒక్కో సిలిండర్లోనూ 10, 15 మిల్లీలీటర్ల మామూలు ఇంజనాయిలు పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు గేరు న్యూట్రల్‌లో ఉంచి, క్రాంకు పుల్లీ నట్టుకి పానా వేసి, ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు మెల్లగా తిప్పాలి. ముందు నుంచి హ్యాండిల్ వేసే ఏర్పాటున్న బండైతే అదే నయం. అడుగున్నర పొడవు పానా, ఒక్క చేతి బలం, అంతే. పానాకి పైపు తొడిగారంటే ఆ పూటకి చెయ్యి కడుక్కోవడమే మంచిది.

తిరగకపోతే మందు మార్చాలి. పవర్ స్టీరింగ్‌లో పోసే ఎర్ర నూనె, అదే ఏటీఎఫ్, దానితో సమానంగా అసిటోన్ కలిపి సిలిండరుకి 30, 40 మిల్లీలీటర్లు పోయండి. రెండూ నిలవుంటే విడిపోతాయి, పోసే ముందు గట్టిగా కుదపాలి. అసిటోన్ పెయింటుని లేపేస్తుంది, బీడీ దూరం నుంచే అంటుకుంటుంది. అది దొరక్కపోతే ఏటీఎఫ్‌లో డీజిల్ కలిపినా పనిచేస్తుంది, రోజులు ఎక్కువ పడుతుంది. రోజూ పొద్దున్నా సాయంత్రం పానాతో ముందుకీ వెనక్కీ కాస్త ఊపి చూడాలి. మొదటిసారి ఒక మిల్లీమీటరు కదిలితే చాలు, ఇంజన్ మీ దారికొచ్చినట్టే. అక్కడినుంచి ఒకే వైపు తిప్పుకుంటూ పోకూడదు. ముందుకు రెండు మిల్లీమీటర్లు, వెనక్కి ఒకటి, మళ్ళీ ముందుకి. తుప్పు పొడి రింగుల కింద నుంచి బయటికి వస్తేనే బోరు గీతలు పడకుండా ఉంటుంది.

పది పన్నెండు రోజులైనా కదలకపోతే హెడ్డు, అంటే సిలిండర్ల పై మూత, విప్పాలి. హెడ్డు తీశాక బోరు పై భాగంలోని తుప్పు పట్టీని సన్న నీటి ఎమెరీతో గీకి, పిస్టన్ మీద బోరుకి కాస్త చిన్నగా చెక్కిన గట్టి కలప దిమ్మ పెట్టి సుత్తితో మెత్తగా తట్టాలి. పిస్టన్ సగం దారిలో ఉంటేనే ఈ పని. పూర్తిగా పైనో పూర్తిగా కిందో ఉంటే రాడ్డూ క్రాంకూ ఒకే గీతలో ఉంటాయి. అప్పుడు ఎంత కొట్టినా దెబ్బ బేరింగుకే తగులుతుంది, పిస్టన్ కదలదు. 1, 4 పిస్టన్లు జంటగా కదులుతాయి, 2, 3 జంటగా. ఒక జంట కొసల్లో ఉంటే రెండో జంట కూడా కొసల్లోనే ఉంటుందని గుర్తుంచుకోండి.

ఇంజన్ తిరిగిందన్న సంతోషంలో అందరూ మరిచిపోయేది వాల్వుల్ని. రాకర్ కవరు తీసి, ఒక మనిషి పానాతో తిప్పుతుంటే ఇంకో మనిషి ఎనిమిది వాల్వులూ కిందికెళ్ళి పైకొస్తున్నాయో లేదో చూడాలి. ఒక వాల్వు కిందికెళ్ళి అక్కడే ఆగిందనుకోండి, రాకర్ ఆర్మ్ వదులై ఊగుతుంది, పుష్ రాడ్ గుంటలోంచి తప్పిపోతుంది. దాన్నలాగే వదిలి సెల్ఫ్ కొడితే పుష్ రాడ్ వంగుతుంది. గైడు చుట్టూ ఏటీఎఫ్ చుక్కలు వేసి, వాల్వు కొన మీద నైలాన్ సుత్తితో తట్టి పైకి వచ్చేదాకా ఓపిక పట్టండి.

ట్యాపెట్ గ్యాపు, అంటే రాకర్‌కీ వాల్వు కొనకీ మధ్య సందు, ఇంజన్ చల్లగా ఉండగా 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.38 మి.మీ. ఏ వాల్వు ఎప్పుడు సెట్ చేయాలన్నదానికి తొమ్మిది లెక్క ఉంది. 8వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వది, 7 తెరుచుకుంటే 2, ఇలా రెండూ కలిపితే 9 వచ్చేలా. దీనికి టైమింగు గుర్తులూ వెతకనక్కర్లేదు.

నూనె

చాంబర్ ప్లగ్గుని పూర్తిగా విప్పకుండా నాలుగు మరలు వదులు చేయండి. నీళ్ళు నూనెకంటే బరువు కాబట్టి ముందు అవే కారతాయి. ఓ చెంచాడు నీళ్ళొస్తే ఏళ్ళ తరబడి చేరిన చెమ్మ. అరగ్లాసు వస్తే వరదో, హెడ్ గాస్కెట్టో తేల్చుకోవాలి. నూనె పలచబడి పెట్రోలు వాసన వేస్తుంటే ఇంకో సంగతి: ఫ్యూయల్ పంపు డయాఫ్రం చిరిగి పెట్రోలు చాంబర్లోకి దిగింది. డయాఫ్రం మార్చకుండా కొత్త నూనె పోయడం దండగ.

కొత్త ఫిల్టరు, ఖనిజ నూనె 20డబ్ల్యూ-50 లేదా 20డబ్ల్యూ-40, నాలుగుంపావు లీటర్ల నుంచి పోసుకుంటూ డిప్‌స్టిక్ చూడాలి. ఖరీదైన సింథటిక్ నూనె ఈ పనికి అవసరం లేదు. వంద కిలోమీటర్లు తిరక్కుండానే దాన్ని పారబోస్తాం.

నూనె పోసినంత మాత్రాన బేరింగులకి చేరదు. ఏళ్ళుగా ఆగిన పంపు ఎండిపోయి ఉంటుంది. ప్లగ్గులు లేకుండానే, కాయిల్ వైరు పీకేసి, సెల్ఫ్‌ని 10 సెకన్లు తిప్పి 30 సెకన్లు ఆపి, ఇలా ఆరేడు సార్లు చేస్తే ఆయిల్ ప్రెషర్ ముల్లు లేవాలి. లేవకపోతే గేజికి వెళ్ళే సన్న పైపు విప్పి, ఆ కన్నంలోంచి నూనె డబ్బాతో వంద మిల్లీలీటర్లు పంపు వైపు ఎక్కించి మళ్ళీ ప్రయత్నించండి. రాకర్ ఆర్మ్‌ల మీద నూనె ఊరిందాకా స్టార్ట్ చేసే మాటే ఎత్తొద్దు.

పెట్రోలు దగ్గర ఆగాలి

ఇక్కడే ఎక్కువ బళ్ళు రెండోసారి మూలన పడతాయి. పాత పెట్రోలు ఆవిరయ్యాక మిగిలేది జిగురు. వార్నిష్ వాసనతో గోధుమరంగు బంకగా జెట్లలో, ఫ్లోట్ నీడిల్లో గట్టిపడుతుంది. కొత్త పెట్రోలు పోస్తే ఆ బంక కరిగి వాల్వు కాడల మీద మళ్ళీ అతుక్కుంటుంది. బాగా తిరిగిన ఇంజన్ రెండో రోజు వాల్వు పట్టేయడానికి కారణం చాలాసార్లు ఇదే. అందుకే ట్యాంకు శుభ్రమయ్యేదాకా ఇంజన్‌కి ట్యాంకు పెట్రోలు చూపించొద్దు. లీటరు డబ్బాతో, కొత్త గొట్టంతో నేరుగా పంపుకి పెట్రోలు ఇవ్వండి.

ట్యాంకు దించి కడగాలి. తుప్పుకి నిమ్మ ఉప్పు చాలు: లీటరు నీటికి 100 గ్రాములు, ట్యాంకు నిండా పోసి 24 గంటలు. తర్వాత వంట సోడా నీళ్ళతో కడిగి, ఎండలో పెట్టి, ఆరిన వెంటనే కాస్త పెట్రోలు గాని నూనె గాని పోసి అన్ని గోడలకీ తగిలేలా తిప్పాలి. ఆలస్యం చేస్తే గంటలోనే లోపల పసుపు తుప్పు లేస్తుంది. కన్నం ఉందని వెల్డింగు వాడి దగ్గరికి ట్యాంకు పంపొద్దు. ఖాళీ ట్యాంకులో ఆవిరి నిండు ట్యాంకుకంటే ప్రమాదం.

పెట్రోలు మారిపోయిందన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. సీసం కలిపిన పెట్రోలు దేశమంతా 2000లో ఆగింది. ఇప్పుడు బంకులో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినది. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాల్ని ఉబ్బించి మెత్తబరుస్తుంది, పంపు డయాఫ్రంని కూడా. ఇథనాల్‌కి తట్టుకునే ఇంజెక్షన్ తరగతి గొట్టాలు వేయండి, రంగు చూసి కాదు, మీద అచ్చు వేసిన గుర్తు చూసి. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది కూడా. నెలకోసారి తీసే బండిలో ట్యాంకు అడుగున నీళ్ళు చేరతాయి. సీసం లేకపోవడం వల్ల వచ్చే అరుగుదల ఎగ్జాస్ట్ వాల్వు సీట్లకి. జాతీయ రహదారి మీద గంటల తరబడి వేగంగా తోలితేనే అది బయటపడుతుంది, ఊళ్ళో తిరిగే బండికి భయం లేదు. ట్యాపెట్ గ్యాపు నెలనెలా తగ్గిపోతుంటే సీటు అరుగుతోందని తెలుసుకోండి. ఏ కారణంగానైనా హెడ్డు విప్పాల్సి వస్తే అప్పుడే లేతులో గట్టి ఎగ్జాస్ట్ సీట్లు వేయించుకోవడం తెలివైన పని. వాటికోసమే హెడ్డు విప్పడం మాత్రం అనవసరం.

ఎస్‌యూ కార్బురేటర్ ఉంటే పైన గంటలాంటి మూత తీసి, అందులోనే ఉండే చిన్న పిస్టన్‌ని, దాని సూదిని పెట్రోల్‌తో గుడ్డ తడిపి తుడవాలి. ఎమెరీ తగలకూడదు. ఆ పిస్టన్‌కీ మూతకీ మధ్య సందు చాలా సన్నం, ఒక గీత పడితే గాలి లెక్క తప్పుతుంది. బిగించాక వేలితో లేపి వదిలితే పిస్టన్ 'ఠక్' మని పడాలి. మెల్లగా జారితే సూది పక్కకి రాసుకుంటోందని అర్థం, జెట్‌ని మధ్యకి సర్దాలి. పై గొట్టంలో పలచటి నూనె పోయడం మరవొద్దు. అది లేకపోతే యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజన్ తడబడుతుంది. ఇథనాల్ పెట్రోలుకి మిశ్రమం పలచనవుతుంది కాబట్టి కింద ఉన్న జెట్ నట్టుని ఒకటి రెండు ముఖాలు కిందికి దింపితే సరిపోతుంది.

నిప్పురవ్వ

పాయింట్లు, అంటే కాయిల్ కరెంటుని కలిపి తెంచే చిన్న లోహపు ముక్కలు. స్పార్క్ రాకపోతే పదింట తొమ్మిదిసార్లు దోషం అక్కడే. మన మెకానిక్కులు డెల్కో అనే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, పాయింట్ల మధ్య సన్న ఎమెరీ ముక్క ఒకటి రెండు సార్లు లాగి, తర్వాత పెట్రోలులో ముంచిన తెల్ల కాగితం లాగాలి. కాగితం మీద నలుపు రాకుండా అయ్యేదాకా. గ్యాపు 15 థౌ, ప్లగ్గు గ్యాపు 25 థౌ. ఫైరింగ్ వరస 1-3-4-2. రోటర్ కింద ఉన్న బట్ట మీద రెండు చుక్కల నూనె. కింద ఉండి, వేగాన్ని బట్టి స్పార్కుని ముందుకు జరిపే బరువులు తుప్పుకి పట్టేసి ఉంటే బండి స్టార్టవుతుంది గాని వేగం అందుకోదు. రోటర్‌ని చేత్తో కాస్త తిప్పి వదిలితే వెనక్కి రావాలి. ఇంజన్ నుంచి బాడీకి వెళ్ళే ఎర్త్ పట్టీని కూడా గీకి బిగించండి.

నీళ్ళు

రేడియేటర్ కడిగితే సరిపోదు. తుప్పు బురద దిమ్మ వెనక భాగంలో, 4వ సిలిండర్ చుట్టూ పేరుకుంటుంది. దిమ్మ పక్కనున్న డ్రైన్ ట్యాపు విప్పితే తరచూ చుక్క కూడా రాదు. సన్న తీగతో పొడిస్తే ఎర్రటి ముద్ద ఊడిపడి అప్పుడు ధార కడుతుంది. నీళ్ళు తేటగా వచ్చేదాకా పైపు పెట్టి కడగాలి. దిమ్మ పక్కల నీటి కన్నాల్ని మూసే రేకు బిళ్ళల్ని, అవే డమ్మీ ప్లగ్గుల్ని, స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. సొట్టపడ్డా, చెమ్మ ఊరినా మార్చాల్సిందే.

ఇక్కడ గడ్డకట్టే చలి లేదు కదా, కూలెంట్ దేనికి అంటారు చాలామంది. అది చలికోసం కాదు, తుప్పుకోసం. బోరుబావి నీళ్ళు పోసిన ఇంజన్లో ఉప్పు పొర కట్టుకుని వేడి బయటికి పోదు. డిస్టిల్డ్ వాటర్ రెండు వంతులు, కూలెంట్ ఒక వంతు.

మొదటి పది నిమిషాలు

బండిని ఆరుబయట పెట్టి, చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, పక్కన ఇసుక బకెట్టో అగ్నిమాపక సిలిండరో ఉంచుకోవాలి. స్టార్ట్ అయిన 10 సెకన్లలో ఆయిల్ ప్రెషర్ రాకపోతే వెంటనే ఆపేయండి, "కాసేపటికి వస్తుందిలే" అన్నది బేరింగులు పోగొట్టే మాట. వచ్చిందంటే ఆపొద్దు. నిమిషానికి 1200, 1500 చుట్ల దగ్గర పట్టి ఉంచి 15, 20 నిమిషాలు నడపండి. అయిదు నిమిషాలు నడిపి ఆపితే లోపలి తేమ ఆవిరయ్యేలోపే మళ్ళీ చల్లబడుతుంది, చేసిన పనంతా వెనక్కి పోతుంది.

పొగ చూసి భయపడేవాళ్ళు ఎక్కువ. నీలం కలిసిన తెల్లపొగ మనం పోసిన నూనెదే, పావుగంటలో తగ్గాలి. నల్లపొగైతే చోక్ లాగే ఉందో, ఫ్లోట్ కన్నం పడి మునిగిందో. ఇంజన్ వేడెక్కాక కూడా ఆగని తెల్ల ఆవిరీ, రేడియేటర్‌లో బుడగలూ కలిసి వస్తే హెడ్ గాస్కెట్. పైనుంచి టిక్ టిక్ ట్యాపెట్లది, దాంతో బతకొచ్చు. కింది నుంచి లోతుగా గుద్దినట్టు శబ్దం వస్తే మాత్రం అప్పటికప్పుడు ఆపేసి చాంబర్ దించండి.

డీజిల్ అంబాసిడర్ అయితే ఒక హెచ్చరిక. నిలవున్న పంపులో మీటరింగ్ వాల్వు పట్టేసి ఉంటే ఇంజన్ స్టార్టయిన మరుక్షణం అదుపు లేకుండా గోల పెట్టి పరిగెడుతుంది, తాళం తిప్పినా ఆగదు. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఎయిర్ క్లీనర్ తీసేసి, గాలి నోటికి సరిపడే చదును చెక్క పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. చెయ్యి అడ్డం పెట్టొద్దు.

మొదటి నూనెని వంద కిలోమీటర్లలోపే పారబోయాలి. అందులో తుప్పు పొడీ, మనం పోసిన మందులూ కలిసి ఉంటాయి. కంప్రెషన్ గేజి (సిలిండర్లో గాలి ఒత్తిడి కొలిచేది) పెట్టడం అప్పుడే వద్దు. స్టార్టయిన రోజు తీసే కొలత అబద్ధం చెబుతుంది, ఇరుక్కున్న రింగులు రెండు వందల కిలోమీటర్లు తిరిగాకే వదులవుతాయి. అప్పుడు వేడి ఇంజన్ మీద నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కొలవండి. నాలుగింటి మధ్యా పది పదిహేను శాతంకంటే తేడా లేకపోతే బోరింగు మాట మరిచిపోవచ్చు. ఒకటి బాగా తక్కువ ఉంటే ఆ సిలిండర్లో చెంచాడు నూనె పోసి మళ్ళీ కొలవండి: పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు.

అన్నీ సరిగా ఉన్నాక బండి కింద నేల మీద నూనె చుక్కలు కనిపిస్తే, అదీ గేరుబాక్సు కలిసే చోట, కాస్త ఆగండి. ఈ ఇంజనుకి వెనక క్రాంక్ షాఫ్ట్ దగ్గర రబ్బరు సీలు ఉండదు. షాఫ్టు మీద చెక్కిన మరే నూనెని వెనక్కి లాక్కుంటుంది. ఇంజన్ ఆగినప్పుడు అదీ ఆగుతుంది. రాత్రికి రెండు మూడు చుక్కలు కారడం ఈ బండికి కొత్తప్పుడూ ఉంది. దానికోసం గేరుబాక్సు దించుదామని ఎవరైనా అంటే వద్దని చెప్పి, కింద ఓ రేకు పెట్టుకోండి.